మనుషుల ఫోల్డర్

మా ఆఫీసులో అందరికన్నా ఎక్కువ చదివింది కార్డు రీడర్. బొటనవేలంత ఉంటుంది. మూత ఎప్పుడో పోయింది, ఒక పక్క పగిలితే నేనే దవాఖానా ప్లాస్టర్ చుట్టాను. డిగ్రీ మూడేళ్ళలో నేను చదవనన్ని సంగతులు అది ఒక్క ఎండాకాలంలో చదివి అవతల పెట్టింది. దాని నోటికి మెమరీ కార్డులు అందించడం, అది చదివినవి కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. ఉద్యోగం పేరు డేటా ఎంట్రీ ఆపరేటర్. ఖమ్మం ఖానాపురం హవేలిలో మా పక్కిళ్ళవాళ్ళకు మాత్రం నేను "అడవిల నౌకరీ చేసే పిల్ల"ను. శనివారం ఇంటికి పోతే గేటు దగ్గరే ఆపి "పులిని చూసినవా?" అని అడుగుతారు. చూడలేదంటే నౌకరీ ఉందో ఊడిందోనని అనుమానపడతారని, "ఇంకా కనబళ్ళే, వెతుకుతున్నం" అంటాను. నేనే కర్ర పట్టుకుని గుట్టలెక్కి వెతుకుతున్నట్టు.

నేను వెతికేది కుర్చీలో కూర్చుని, ఫ్యాను కింద. కరెంటు పోతే అదీ లేదు.

ఇల్లందు దాటి కొంత దూరం పోయాక, అడవి మొదలయ్యే చోట మా రేంజ్ ఆఫీసు. అడవిలో జంతువులు నడిచే బాటల పక్కన చెట్లకు కెమెరాలు కట్టి ఉంటాయి. ఆకుపచ్చ డబ్బాలు, మోకాలెత్తులో. ముందు ఏది కదిలినా అవే ఫోటో తీసుకుంటాయి. ఫోటో కింద నల్లటి పట్టీలో తేదీ, టైము, ఎండ ఎంతుందో, చంద్రుడు ఎంతున్నాడో కూడా పడతాయి. పదిహేను రోజులకోసారి ఎవరో ఒకరు నడిచిపోయి నిండిన కార్డు తీసి, ఖాళీ కార్డు పెట్టి రావాలి.

నా దగ్గరికి వచ్చిన ఫోటోలను నాలుగు ఫోల్డర్లలో సర్దాలి. జంతువులు, పశువులు, ఖాళీ, మనుషులు. గాలికి గడ్డి ఊగినా కెమెరా ఫోటో కొడుతుంది కాబట్టి ఖాళీ ఫోల్డర్ ఎప్పుడూ నిండుగా ఉండేది. జంతువులవి పైకి పంపాలి. మిగతావి తుడిచేయాలి. మనుషులవి ముఖ్యంగా ఉంచుకోవద్దు. కట్టెలకు పోయేవాళ్ళు, ఇప్పపూలు ఏరుకునేవాళ్ళు, తునికాకుకు పోయే ఆడవాళ్ళు, వాళ్ళ ఫోటోలు ఆఫీసులో ఉండటం మంచిది కాదన్నారు. ఆ మాట నిజమే. అందుకే ఎంతో నిష్ఠగా తుడిచేదాన్ని. తుడిచి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, కార్డును ఫార్మాట్ కొట్టి తిరిగి పంపేదాన్ని. ఇంట్లో ఇల్లు తుడవమంటే మూలలు వదిలేస్తానని మా అమ్మ తిడుతుంది కానీ, కంప్యూటర్‌లో మాత్రం ఒక్క మూల వదల్లేదు.

కార్డులు తెచ్చి ఇచ్చేది పెద్దయ్య. వాగు ఒడ్డున ఉన్న గూడెం ఆయనది. వయసు యాభై దాటింది, ఎంత దాటిందో ఆయనకూ తెలియదు. వరసకు నాకేమీ కాడు, మొదటిరోజు "సార్" అని పిలిస్తే వెనక్కి తిరిగి ఇంకెవరైనా వచ్చారా అని చూశాడు, అప్పటి నుంచి పెద్దయ్య అన్నాను. కార్డులు ఒక తంబాకు డబ్బాలో పెట్టి బొడ్లో దోపుకొచ్చేవాడు. కంప్యూటర్‌కు తంబాకు అలవాటు చేసింది మా ఆఫీసేనేమో. రీడర్‌లో పెట్టేముందు ప్రతి కార్డునూ ఊదాల్సి వచ్చేది, ఊదితే నాకు తుమ్ములు.

ఏ కార్డు ఏ కెమెరాదో తెలియాలని నా గోళ్ళ రంగుతో వాటి మీద అంకెలు వేశాను. పెద్దయ్య చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"గీ గీతలు నాకేం ఎరుక బిడ్డా. ఎలుగుగుట్ట కాడిదానికి గోళ్ళు గియ్యి. ఇప్పచెట్టు కాడిదానికి పువ్వు. వాగు అవతలిదానికి నీళ్ళు."

"నీళ్ళు ఎట్ల గియ్యాలె పెద్దయ్యా?"

"నువ్వు సదువుకున్నదానివి. నన్ను అడుగుతవేంది?"

అట్లా కార్డులకు ఎర్ర గోళ్ళు, ఎర్ర పువ్వులు, ఒక వంకరగీత వచ్చాయి. నా గోళ్ళకు మాత్రం ఆ రంగు ఒక్కరోజూ అంటలేదు.

కొత్త కార్డు పెట్టాక కెమెరా పనిచేస్తుందో లేదో చూడటానికి ఎవరైనా దాని ముందు నుంచి ఒకసారి నడవాలి. పెద్దయ్య నడిచేవాడు. డబ్బా మోకాలెత్తులో ఉంటుంది కాబట్టి ప్రతి కార్డులో మొదటి ఫోటో ఆయన మోకాళ్ళే. ఒక జత నల్లటి, బక్కటి మోకాళ్ళు. కెమెరా పనిచేస్తుందనడానికి అవి చాలు. ఒకరోజు ఆయన పక్కన నిలబడి ఉండగా కార్డు తెరిచి, నేనే అన్నాను, నవ్వులాటకు:

"అన్నీ మోకాళ్ళే పడ్డయి పెద్దయ్యా. మొఖం ఏది? మోకాళ్ళను చూసి నువ్వని ఎట్ల గుర్తుపట్టాలె?"

ఆయన డబ్బా బొడ్లో దోపుకుని పోయాడు. తర్వాతి పదిహేను రోజులకు వచ్చిన కార్డులు తెరిస్తే మొదట మోకాళ్ళు, తర్వాత నాలుగు కాళ్ళ మీద పెద్దయ్య. పాకుతున్నాడు. తల ఎత్తి, కెమెరా వైపు మొఖం తిప్పి, పళ్ళు బయటపెట్టి, ఒక చెయ్యి పంజాలా లేపి. అన్ని కార్డుల్లోనూ అంతే. గుట్ట మీద పులి, ఇప్పచెట్టు కింద పులి, వాగు పక్కన పులి. నేను కుర్చీలోంచి పడేంత నవ్వాను. ఆయన కిటికీ అవతల నిలబడి నన్ను చూస్తున్నాడు.

"ఇప్పుడు గుర్తుపట్టినవా?" అన్నాడు.

ఇక ఏ కార్డు తెచ్చినా అందులో పులి ఉండాల్సిందే. ఏడాది పైనే. నేను నవ్వేదాన్ని, మనుషుల ఫోల్డర్‌లో వేసేదాన్ని, సాయంత్రానికి తుడిచేసేదాన్ని. ఒకసారి ఆయనే అడిగాడు, తల గోక్కుంటూ.

"ఒకటి కాయితం మీద తీసియ్యి బిడ్డా. మా ఇంటామె నమ్ముతలేదు."

"ప్రింటర్ల సిరా ఎండింది పెద్దయ్యా. వచ్చే నెల ఇస్త."

నిజంగానే ఎండింది. మరుసటి నెల సిరా నింపారు కూడా. అప్పుడు నాకు గుర్తు లేదు. మెమరీ కార్డుకు ముప్పైరెండు జీబీలు, నాకు ఎన్నో ఎవరూ రాసి అతికించలేదు.

వానలకు ముందు కెమెరాలన్నీ విప్పి తెచ్చేస్తారు. ఆ ఏడు వాన ముందే పడింది. ఒక్కటి తప్ప అన్నీ తెచ్చాడు పెద్దయ్య. ఆఫీసుకు రావడం ఆగిపోయింది, పనీ ఆగింది కదా అనుకున్నాను. ఆషాఢం చివర ఆయనకు జ్వరం వచ్చిందట. నాలుగు రోజులు ఇంట్లోనే ఉన్నాడట. వాగు దాటించి పెద్ద దవాఖానాకు తీసుకుపోయేసరికే మాట పోయిందట. ఈ 'అట'లన్నీ నాకు బీట్ ఆఫీసరు చెప్పాడు, టీ తాగుతూ, ఆయన పోయిన వారానికి. నేను చేతిలో గ్లాసు పట్టుకుని, పేరు మళ్ళీ చెప్పమని అడిగాను. పెద్దయ్యకు ఒక పేరుందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

మంగళవారం సంత. ఆ తర్వాత వచ్చిన ఒక మంగళవారం ఒకామె ఆఫీసు మెట్ల దగ్గర సంచి దింపి కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. కొంగు ముడి విప్పి తంబాకు డబ్బా తీసింది.

"మీదంట. ఇచ్చి పోదామని వచ్చిన."

నేను పెద్దమ్మా అన్నాను. ఎవరో చెప్పక్కర్లేకపోయింది.

డబ్బా ఇచ్చింది కానీ లేవలేదు. సంచిలో ఉల్లిగడ్డలు సర్దుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"ఆఫీసుల నేను పులినైత, అని చెప్పెటోడు. కంపూటర్ల నా బొమ్మలు శానా ఉన్నయి, వచ్చి సూడు, అనేటోడు. నేను రాలే. మోకాళ్ళు వాసి వచ్చెటోడు. ఏంది గిట్ల అంటే, పులిలెక్క పాకిన అనేటోడు. తాగి పడ్డవ్, నాకు కతలు చెప్తున్నవ్ అని తిట్టిన. నూనె రాయమంటే నేను రాయలే."

"నిజమే పెద్దమ్మా. పాకెటోడు. నేను చూసిన."

"సచ్చినోని గురించి ఎవలైనా మంచే చెప్తరు. నాకు కండ్లతోటి సూడాలె. ఒకటి సూపియ్యి."

నా వెనక కంప్యూటర్ వెలుగుతూనే ఉంది. అందులో దుప్పులున్నాయి, ముళ్ళపందులున్నాయి, ఒక ఎలుగుబంటి వీపు గోక్కుంటూ పదకొండు ఫోటోలు దిగింది. ఆయన ఒక్క దాంట్లో కూడా లేడు. డబ్బాలోవీ నేను తుడిచి ఇచ్చిన కార్డులే.

"కంప్యూటర్ ఖరాబైంది పెద్దమ్మా," అన్నాను.

"బాగైనంక వస్త," అని లేచింది.

పెద్దమ్మ అబద్ధమని అనుకున్న మాట నిజం, నిజమని నమ్మిన మాట అబద్ధం. ఆ రెంటి మధ్య నేను కూర్చుని ఉన్నాను, ఫ్యాను కింద.

తుడిచినవాటిని మళ్ళీ తెచ్చే షాపు ఖమ్మంలో ఒకటుందంటే శనివారం డబ్బా పట్టుకుని పోయాను. ఆ అబ్బాయి కార్డుల మీది పువ్వులు, గోళ్ళు చూసి నన్ను చూశాడు. ఏ తరగతికి టీచర్ అని అడిగాడు. సాయంత్రానికి ఏవో తెచ్చాడు. ఒక దుప్పి వెనక సగం. గడ్డి. బూడిదరంగు పట్టీలు. ఒక తోక, దేనిదో. "మీరు తుడిచినదాని మీద మళ్ళీ మళ్ళీ రాసిన్రు మేడమ్. బాగా తుడిచిన్రు," అన్నాడు. నా పనిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు.

రెండో మంగళవారం వచ్చింది. "బాగైందా?" కాలేదన్నాను. మూడో మంగళవారం వస్తుందని తెలిసి, పొద్దున్నే డబ్బాలోని కార్డులు బల్ల మీద వరసగా పేర్చాను, ఏం చేద్దామనో తెలియకుండానే. గోళ్ళు ఉన్నాయి. పువ్వు ఉంది. మిగతా కెమెరాలకు గీసిన గడ్డ, చుక్కలు, కొమ్ములు అన్నీ ఉన్నాయి. వంకరగీత లేదు.

వాగు అవతలి కెమెరా. తేకుండా మిగిలిపోయిన ఆ ఒక్కటి. లిస్టులో దాని పక్కన నేనే 'వానల తర్వాత' అని రాసి మర్చిపోయాను.

పెద్దమ్మ వచ్చినప్పుడు, ఇంకో కార్డు అడవిలో ఉందని చెప్పాను. కంప్యూటర్ సంగతి నేను ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. ఎక్కడుందని అడిగింది. చెప్పడానికి నాకు తెలిస్తే కదా. వాగు అవతల, రెండు బండల నడుమ బాట, అన్నాను, ఫోటోలో చూసిన గుర్తుతో.

"ఆడనా? ఆకుకు పోయే తొవ్వ. నేను తోలుకపోత," అంది.

వాగు తగ్గేదాకా ఇంకో రెండు సంతలు ఆగాల్సొచ్చింది. బీట్ ఆఫీసరు సరే పోయి రమ్మన్నాడు. తంగేడు విరగబూసిన రోజులు. ముందు పెద్దమ్మ, వెనక నేను, చెప్పులు చేతిలో పట్టుకుని. మోకాలి దాకా నీళ్ళు. ఏడాదిన్నరగా ఆ అడవిని రోజూ చూస్తున్నాను కదా, అన్నీ తెలిసినట్టే ఉంటాయనుకున్నాను. ఒక్క చెట్టూ గుర్తు రాలేదు. నాకు తెలిసిందల్లా మోకాలెత్తు నుంచి కనబడే అడవి. దాన్ని చూడాలంటే వంగాలి.

రాళ్ళ బాట అది. చిన్నవి, పదునైనవి, గులకరాళ్ళలా నున్నగా లేవు. చెప్పులు వేసుకున్నా గుచ్చుకుంటున్నాయి. పెద్దమ్మ ఒకచోట ఆగి కిందికి చూసి, మళ్ళీ నడిచింది. నేనూ చూశాను. 

కెమెరా చెట్టుకే ఉంది. బెల్టు మీద నాచు పట్టింది. డబ్బా తెరిస్తే లోపల చీమలు గుడ్లు పెట్టుకున్నాయి. బ్యాటరీలు కారిపోయి తెల్లగా పొంగాయి. కార్డు లాగితే వచ్చింది, ఎర్ర వంకరగీతతో. పెద్దమ్మ చెయ్యి చాపితే ఆమె అరచేతిలో పెట్టాను. వేలితో ఆ గీత తడిమి, "వాగు," అంది. ఎలా గియ్యాలో నన్నడిగితే తెలియని నీళ్ళు, ఆమె చూడగానే గుర్తుపట్టింది.

ఆఫీసుకు వచ్చాక ఆమె మొదటిసారి లోపలికొచ్చి, నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. స్టూలు వేస్తే వద్దంది. కార్డును రీడర్‌లో పెట్టాను. రీడర్ దీపం వెలిగింది. తెర మీద చిన్న డబ్బా వచ్చింది. ఈ కార్డును చదవలేకపోతున్నాను, ఫార్మాట్ చేయమంటావా, అని అడుగుతోంది. అదే ప్రశ్నకు ఏడాదిన్నరగా నా వేలు ఆలోచించకుండా అవును కొడుతోంది. ఆ రోజు కూడా వేలు దాని మీదికే పోయింది. రెండో చేత్తో ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కున్నాను.

"ఏమైంది?" అంది పెద్దమ్మ.

"ఏం లేదు. తడిసింది."

కార్డు తీసి, పసుపురంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. కొంగుతో తుడిచాను. ఫ్యాను కింద కాసేపు పెట్టాను. మళ్ళీ గుచ్చితే మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ రుద్దాను. మూడోసారి రీడర్ దీపం రెండుసార్లు ఆరి వెలిగి, ఫోల్డర్ తెరుచుకుంది. ఈసారి ముందు కాపీ చేశాను. ఒకటి కాదు, మూడు చోట్ల. పచ్చగీత నిండేదాకా ఊపిరి పట్టుకుని కూర్చున్నాను.

మొదటి ఫోటో, మోకాళ్ళు. రెండోది, నేల మీద రెండు చేతులు, వంచిన తల, మాడు మీద పలచబడ్డ జుట్టు. మూడోది పులి. మొఖం ఎత్తి, పళ్ళు బయటపెట్టి, పంజా లేపి. కింద పట్టీలో మధ్యాహ్నం ఎండ, నలభై నాలుగు డిగ్రీలు.

పెద్దమ్మ వాళ్ళ భాషలో ఏదో అంది. ఒక్క మాట. నాకు తెలియదు, అడగలేదు.

తర్వాత తెలుగులో అడిగింది. "గీ ఒక్కటేనా? శానా ఉన్నయన్నడు."

ఇంకో అబద్ధం ఉందేమోనని వెతికాను. దొరకలేదు.

"ఉండె పెద్దమ్మా. నేనే తుడిసేసిన. కంప్యూటర్ ఖరాబు కాలే."

"ఎందుకు తుడిసినవ్?"

"జంతువులవే ఉంచాలె. మనుషులవి తీసెయ్యమంటరు."

ఆమె తెర వైపు చూసింది. మళ్ళీ నా వైపు. "నాలుగు కాళ్ళ మీదనే ఉన్నడు గదా బిడ్డా," అంది. "గిట్ల ఉన్నా అక్కరకు రాలేదా?"

ఎత్తిపొడుపు కాదు. తెలుసుకోవాలనే అడిగింది.  చెప్పగలిగింది ఇంకోటుంటే అది చెప్పాను. పాకమని ఆఫీసు చెప్పలేదని, నడిస్తే చాలని, మొఖం ఏదని నేను ఆడుకుంటూ అన్నానని, నేను నవ్వానని, అందుకే ప్రతిసారీ పాకాడని. చెప్తుంటే నా మాటలు నాకే ఎవరివో అనిపించాయి.

పెద్దమ్మ తెర దగ్గరికి జరిగింది.

"నవ్వుతుండా? నొప్పికి పండ్లు బిగపట్టిండా?"

ఇన్నాళ్ళూ నవ్వనే అనుకున్నాను. ఫోటోను పెద్దది చేశాను, ఇంకా పెద్దది చేశాను. మూతి గళ్ళు గళ్ళుగా విడిపోయి, తెల్లటి గళ్ళు, నల్లటి గళ్ళు తప్ప ఏమీ మిగలలేదు.

"నవ్వే పెద్దమ్మా," అన్నాను.

 "ఎనకటిది పెట్టు. మొదటిది," అంది.

మోకాళ్ళ ఫోటో పెట్టాను. అన్నింటిలాంటిదే, ఎప్పుడూ చూసి దాటేసేది. ఆ రోజు చూశాను. రెండూ వాచి ఉన్నాయి. కుడిదాని మీద చెక్కుకుపోయి పెచ్చులు కట్టింది. ఎడమదాని మీద నూరిన పసరేదో పచ్చగా పూసుకుని, పైన ఆకు అంటించుకున్నాడు. అది సగం ఊడి వేలాడుతోంది.

"ఆయనే నూరుకుండు," అంది పెద్దమ్మ. తర్వాత, "గిది తీసియ్యి కాయితం మీద."

"పులిది ఇస్త పెద్దమ్మా. మొఖం ఉన్నది."

"మొఖం నాకు ఎరికే. గిదే ఇయ్యి."

ప్రింటర్‌లో సిరా ఉంది. పదిహేను రోజుల కిందటే పోయించాను, దేనికో తెలిసే. కాగితం మెల్లగా కిందికి దిగింది, ముందు ఎండ, తర్వాత గడ్డి, తర్వాత మోకాళ్ళు. పెద్దమ్మ దాన్ని ఒళ్ళో పరుచుకుంది. వాచిన ఎడమ మోకాలి మీద బొటనవేలు పెట్టి, గుండ్రంగా, మెల్లగా తిప్పుతూ రాయడం మొదలుపెట్టింది.

"ఇంకా ఆరలే, చెరిగిపోతది పెద్దమ్మా," అన్నాను.

ఆమె ఆపలేదు. సిరా పరుచుకుంది, మోకాలు మసకబారింది, వేలు నల్లబడింది. నేను కంప్యూటర్ వైపు తిరిగి ఇంకో కాగితం పెట్టాను.